పక్షవాతం వచ్చిన మా నాయనను కరోనా భయంతో రెండు రోజులు ఇంట్లోనే ఉంచాం, అది మా తప్పేనా?

మీరు రాసింది రెండుసార్లు చదివాను తమ్ముడూ. మిగతావాళ్లకు కూడా అర్థం కావాలి కాబట్టి ముందు మీ విషయం క్లుప్తంగా చెబుతాను.

మీది కనిగిరి దగ్గర పల్లె. 2020 ఆగస్టులో ఒకరోజు తెల్లవారుజామున మీ నాయన లేవబోయి మంచం పక్కనే పడిపోయారు. కుడి చేయి, కుడి కాలు ఆడలేదు. మాట ముద్దగా వచ్చింది. ఊళ్లో అప్పటికే కరోనా కేసులున్నాయి. ఆసుపత్రికి తీసుకెళ్తే అంటుకుంటుందని, అంటుకుంటే మనిషిని చూడను కూడా చూడనివ్వరని భయపడి రెండు రోజులు ఇంట్లోనే ఉంచారు. ఊళ్లోని ఆర్‌ఎంపీ వచ్చి బీపీ చూసి నాలుక కింద ఒక మాత్ర పెట్టాడు. మూడో రోజు ఒంగోలు తీసుకెళ్తే ముందు కరోనా టెస్టు, తర్వాత సీటీ స్కాన్. మెదడులో రక్తనాళం మూసుకుపోయిందన్నారు, ఆరు రోజులుంచి పంపించారు. ఇంటికొచ్చాక ఫిజియోథెరపీ జరగలేదు. 2021 వేసవిలో మాత్రలు కూడా రెండు నెలలు ఆగిపోయాయి. ఇప్పుడాయన చేతికర్రతో నడుస్తున్నారు, కుడి చేతి వేళ్లు ముడుచుకుపోయాయి. మీరు అడిగినవి మూడు. ఆ పొద్దున్నే తీసుకెళ్లి ఉంటే మామూలు మనిషి అయ్యేవారా? అసలది కరోనా వల్లే వచ్చిందా? రేపు మళ్లీ అలాంటి రోజులొస్తే ఏం చేయాలి?

నేను నెల్లూరులో 24 ఏళ్లుగా స్టాఫ్ నర్సుని. అందులో ఎక్కువ కాలం క్యాజువాలిటీలోనే పనిచేశాను. కరోనా రెండు వేవ్‌లలోనూ ఒక ప్రైవేటు ఆసుపత్రి గుమ్మం దగ్గర, వచ్చిన మనిషిని ఎటు పంపాలో చూసే డ్యూటీ నాది. డాక్టర్ని కాను, మీ నాయన స్కాను నేను చూడలేదు. కానీ ఆ రెండేళ్లలో పక్షవాతంతో వచ్చినవాళ్లను, రావాల్సిన టైముకి రాలేకపోయినవాళ్లను దగ్గరగా చూశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

మొదటి ప్రశ్నకు మీరు అనుకోని జవాబు చెప్పాల్సి వస్తోంది. మిమ్మల్ని ఊరడించడానికి కాదు, లెక్క అలా ఉంది కాబట్టి.

మెదడుకు రక్తం అందనప్పుడు నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు చచ్చిపోతాయని లెక్క కట్టారు. అందుకే గడ్డను కరిగించే ఇంజెక్షన్, అంటే ఆల్టెప్లేస్ గానీ టెనెక్టెప్లేస్ గానీ, మొదటి నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు. ఆ తర్వాత ఇస్తే మేలు తగ్గిపోతుంది, మెదడులో రక్తస్రావమయ్యే ప్రమాదం పెరుగుతుంది. అయితే ఆ నాలుగున్నర గంటలు ఎప్పటి నుంచి లెక్కపెడతారనేది చాలామందికి తెలియదు. మీరు చూసినప్పటి నుంచి కాదు. ఆ మనిషి చివరిసారి బాగున్నట్టు ఎవరైనా చూసిన సమయం నుంచి. మీ నాయన రాత్రి తొమ్మిదికి పడుకుని, పొద్దున ఐదుకి పడిపోయి కనిపించారనుకోండి, మా లెక్కలో అప్పటికే ఎనిమిది గంటలు అయిపోయినట్టే. నిద్రలో ఏ గంటకు వచ్చిందో ఎవరూ చెప్పలేరు. ఇలాంటివాళ్లకు ఎంఆర్ఐ తీసి, ఇంకా బతికించుకోగల భాగం ఉందని తేలితే ఇంజెక్షన్ ఇచ్చే పద్ధతి ఉంది. పెద్ద రక్తనాళం మూసుకుంటే తొడ దగ్గర నుంచి సన్నని గొట్టం పంపి గడ్డను బయటికి లాగేస్తారు. అది మామూలుగా 6 గంటల్లోపు, స్కాన్‌లో అనుకూలంగా కనిపించిన కొందరికి 24 గంటల దాకా చేస్తారు. కానీ 2020 ఆగస్టులో, కనిగిరి దగ్గర పల్లె నుంచి, ఆ సౌకర్యాలన్నీ ఉన్న చోటికి, ఆ టైములోపు చేరడం ఎంత కష్టమో మీకు నేను చెప్పక్కర్లేదు.

కాబట్టి ఏ ఇంజెక్షన్ పోగొట్టామని ఇన్నేళ్లుగా బాధపడుతున్నారో, అది ఆ పొద్దున బయలుదేరినా మీ నాయనకు దొరికే అవకాశం చాలా తక్కువ. మెలకువగా ఉండగా, నలుగురి ముందు మూతి వంకర పోయిన మనిషయితే నేనీ మాట అనేదాన్ని కాదు.

అలాగని ఆ రెండు రోజుల వల్ల నష్టమేమీ లేదని చెప్పలేను. పక్షవాతం వచ్చినవాళ్లలో దాదాపు సగం మందికి మొదట్లో మింగడం సరిగా రాదు. ఆసుపత్రిలో అయితే నోటికి ఏమీ ఇవ్వకుండా, ముందు స్పూనుతో కొంచెం నీళ్లు పోసి మింగగలరా లేదా చూస్తాం. ఇంట్లో ఆ సంగతి తెలియదు, ప్రేమతో కాఫీనో గంజో తాగిస్తారు. అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రెండో రోజుకి దగ్గు, జ్వరం. ఆ రోజుల్లో దగ్గూ జ్వరం అంటే ఏమనుకునేవాళ్లో మీకు తెలుసు. పొరబోయి న్యుమోనియా వచ్చిన ఒక పెద్దావిడను ఇంట్లోవాళ్లు కరోనా అనుకుని వేరే గదిలో పెట్టి తలుపు దగ్గరికేశారు. మా దగ్గరికి వచ్చేసరికి ఐదో రోజు. కరోనా టెస్టు నెగటివ్ వచ్చింది. ఆవిడ బతకలేదు.

ఇంకో నష్టం ఆస్పిరిన్. స్కాన్‌లో రక్తస్రావం లేదని తేలాక మొదటి 48 గంటల్లో ఆస్పిరిన్ మొదలుపెడితే, వెంటనే రెండో దెబ్బ తగలకుండా కొంత కాపాడుతుంది. మీకు ఆ గడువు దాటిపోయింది.

ఇక నాలుక కింద మాత్ర. ఆ ఆర్‌ఎంపీని నేను తిట్టను, అర్ధరాత్రి పిలిచినా ఇంటికొచ్చేది ఆయనే. కానీ ఇది అందరూ తెలుసుకోవాలి. రక్తనాళం మూసుకున్నప్పుడు మెదడు ఎలాగోలా రక్తాన్ని తోసుకోవడానికి బీపీని తనే పెంచుకుంటుంది. గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వని మనిషికి 220/120 దాటితే తప్ప మొదటి రోజు డాక్టర్లు మామూలుగా బీపీ జోలికి పోరు. 180 ఉందని భయపడి నాలుక కింద మాత్ర పెట్టి ఒక్కసారిగా దించేస్తే, కొన ఊపిరితో ఉన్న భాగానికి కూడా రక్తం అందదు. స్కాన్ కాకముందు బీపీ మాత్ర వద్దు, ఆస్పిరిన్ కూడా వద్దు. వచ్చింది గడ్డా రక్తస్రావమా అనేది పైకి చూసి ఎవరూ చెప్పలేరు. పదిమందిలో ఇద్దరికి అది రక్తస్రావమే అయ్యుండొచ్చు.

మీలాగే చేసినవాళ్లు ఎంతమందో చెబితే మీ మనసు కొంత తేలికపడుతుందేమో. రాష్ట్రంలో మొదటి కరోనా కేసు మన నెల్లూరులోనే బయటపడింది, 2020 మార్చి 12న. ఆ తర్వాత పది రోజులకు జనతా కర్ఫ్యూ, మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. నెల్లూరు పెద్దాసుపత్రిని కొవిడ్ ఆసుపత్రి చేశారు. ఏప్రిల్‌లో మా క్యాజువాలిటీ ఖాళీ. రోడ్ల మీద బండ్లు లేవు కాబట్టి యాక్సిడెంట్లు తగ్గాయి, అది అర్థమైంది. కానీ పక్షవాతాలు, గుండెపోట్లు కూడా రావడం మానేశాయి. రోగాలు లాక్‌డౌన్ పాటించవు కదా, ఈ మనుషులంతా ఎక్కడున్నారని మాలో మేమే అనుకునేవాళ్లం.

ప్రపంచమంతా ఇదే జరిగింది. 70 దేశాల్లో 457 ఆసుపత్రుల లెక్కలు తీస్తే, కరోనా మొదటి నాలుగు నెలల్లో పక్షవాతంతో చేరినవాళ్లు 11.5 శాతం, గడ్డ కరిగించే ఇంజెక్షన్ అందినవాళ్లు 13.2 శాతం తగ్గారు. అమెరికాలో ఆ మొదటి వారాల్లో పక్షవాతం కోసం తీసే స్కాన్లు 39 శాతం పడిపోయాయి. అన్ని వసతులూ ఉన్న దేశాల్లో కూడా జనం ఇంట్లోనే ఉండిపోయారు. భయానికి చదువుకున్నవాళ్లు, చదువుకోనివాళ్లు అని తేడా లేదు.

ఎక్కువగా రాకుండా ఉండిపోయింది ఎవరో తెలుసా? చిన్నగా వచ్చినవాళ్లు. పది నిమిషాలు చెయ్యి తిమ్మిరెక్కి పడిపోయి మళ్లీ మామూలైపోయినవాళ్లు, ఒక పూట మాట తడబడి సర్దుకున్నవాళ్లు. మామూలు రోజుల్లోనే దీన్ని గాలి సోకిందని, నీరసమని వదిలేస్తారు. కరోనా రోజుల్లో అయితే ఇక చెప్పనక్కర్లేదు, తగ్గింది కదా, దేవుడి దయ అనుకున్నారు. అది మెదడు ఇచ్చే ముందస్తు హెచ్చరిక. అసలు దెబ్బ తగిలే అవకాశం మొదటి రెండు రోజుల్లోనే అన్నిటికంటే ఎక్కువ. ఆ రెండు రోజుల్లో మాత్ర మొదలుపెడితే ఆగే పక్షవాతాలు చాలా ఉంటాయి. 2020 జూన్, జూలైల్లో మంచం మీద వచ్చిన చాలామంది ఇళ్లలో కదిపి అడిగితే, పోయిన నెలలో ఒకసారి ఇలాగే అయి తగ్గిందమ్మా అనేవాళ్లు.

ఇంట్లో భయం జయించి బయలుదేరినా దారి ఉండేది కాదు. ఆర్టీసీ బస్సులు మార్చిలో ఆగి మే 21న గానీ మళ్లీ తిరగలేదు. ఉదయగిరి, వరికుంటపాడు వైపు నుంచి నెల్లూరు రావాలంటే మామూలు రోజుల్లోనే రెండు గంటల పైమాట. గిద్దలూరు నుంచి ఒంగోలు అయితే ఇంకా దూరం. ఆటోవాళ్లు ముందు దగ్గుందా, జ్వరముందా అని అడిగి గానీ ఎక్కించుకునేవాళ్లు కాదు. నెల్లూరువాళ్లకు ఇంకో కష్టం కూడా ఉంది. పెద్ద జబ్బంటే మనకు తరతరాలుగా చెన్నైయే. ఆ రోజుల్లో తమిళనాడు సరిహద్దులో ఆరంబాక్కం దాటాలంటే ఈ-పాస్ కావాలి. పాస్ కోసం ఫోన్‌లో అప్లై చేసి, అది వచ్చేదాకా కూర్చున్న కుటుంబాలను చూశాను. పక్షవాతానికి పాస్ ఇవ్వకపోవడం కాదు కష్టం, ఆ పాస్ వచ్చేలోపు గడిచిపోయే టైము.

ఇంట్లో భయం, దారి తర్వాత మూడో అడ్డంకి మా ఆసుపత్రి గుమ్మం. మీరు మీ తప్పు గురించి అడిగారు కాబట్టి, మావైపు జరిగింది దాచడం న్యాయం కాదు.

2020 జూలైలో ఆత్మకూరు వైపు నుంచి యాభై ఏళ్లు దాటిన ఒక రైతును తీసుకొచ్చారు. పొలంలో ఉండగా పది గంటలకు ఎడమ చేయి పడిపోయింది, పదకొండున్నరకల్లా మా గుమ్మంలో ఉన్నాడు. ఇంతకంటే త్వరగా ఎవరు తీసుకురాగలరు? కానీ టెస్టు రిపోర్టు లేనిదే లోపలికి తీసుకోవద్దని అప్పుడు మాకు ఆర్డరు. శాంపిల్ తీసి, ఆయనను బయట షెడ్డులో స్ట్రెచర్ మీదే పడుకోబెట్టాం. రిపోర్టు వచ్చేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. నెగటివ్. స్కాన్‌లో గడ్డే, రక్తస్రావం లేదు. డాక్టరుగారు గడియారం చూసి ఏమీ మాట్లాడలేదు. ఇంజెక్షన్ గడువు అప్పటికే దాటిపోయింది. ఆయన భార్య ఆ నాలుగు గంటలూ షెడ్డు దగ్గర నిలబడి, ఒక్కసారి డాక్టరును రమ్మనమ్మా అని నన్నే అడుగుతూ ఉంది. నేను రూలు చెప్పాను. ఆ రోజు అది రూలే. కానీ పై అధికారులతో ఇంకొంచెం గట్టిగా మాట్లాడి ఉండాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ తర్వాత పద్ధతి మారింది. పక్షవాతం లక్షణాలుంటే టెస్టు కోసం ఆగొద్దు, ప్రతి ఒక్కరినీ పాజిటివే అనుకుని, రోగికి మాస్కు పెట్టి, మనం పీపీఈ కిట్టు వేసుకుని, నేరుగా స్కాన్‌కు తీసుకెళ్లాలి, టెస్టు ఫలితం తర్వాత చూసుకోవచ్చు అని ప్రపంచమంతా నిపుణులు రాశారు. మా దగ్గర కూడా అది అమల్లోకి వచ్చింది. కానీ 2021 ఏప్రిల్, మేలలో ఇంకో చిక్కు వచ్చింది. సీటీ మిషను మొత్తం ఊపిరితిత్తుల స్కాన్లతో నిండిపోయింది. కరోనా అనుమానం ఉన్న ప్రతివాళ్లూ ఛాతీ స్కాన్ కోసం లైన్లో ఉండేవాళ్లు, ఒక్కో మనిషి తర్వాత గది శుభ్రం చేయాలి. ఆ లైన్లో మెదడు స్కాన్ మనిషిని ముందుకు తీసుకెళ్లాలంటే పెద్ద గొడవయ్యేది. అక్కడ నిలబడినవాళ్లకు కూడా ఊపిరి ఆడటం లేదు, వాళ్లను తప్పుపట్టలేం.

అవే రోజుల్లో బాగైపోయి నడిచి వెళ్లినవాళ్లు కూడా ఉన్నారు. బోగోలు వైపు నుంచి ఒకావిడ, నలభై ఎనిమిదేళ్లు ఉంటాయి. లాక్‌డౌన్ రోజులే. పొయ్యి దగ్గర కూర్చుని ఉండగా మూతి ఒకవైపు జారిందని కొడుకు గమనించాడు. ఆ అబ్బాయి రొయ్యల చెరువులకు మేత తోలే బండి డ్రైవరు. ఆక్వా సరుకులకు లాక్‌డౌన్‌లో కూడా అనుమతి ఉంది కాబట్టి ఆ బండికి పాసుంది. ఎవరినీ అడగలేదు, మేత బస్తాలు దించేసి తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని హైవే ఎక్కాడు. దారిలో మాకు ఫోన్ చేసి, ఎనిమిదింపావుకి మొదలైంది, తొమ్మిదిన్నరకి వస్తానన్నాడు. టైము చెప్పడం ఎంత మేలు చేసిందో చెప్పలేను. స్కాన్ గది సిద్ధంగా పెట్టాం, వచ్చిన ఇరవై నిమిషాల్లో స్కాన్, పదింటికల్లా ఇంజెక్షన్. నాలుగో రోజు ఆవిడ తన జుట్టు తనే ముడేసుకుంది.

మీ రెండో ప్రశ్న, కరోనా వల్లే వచ్చిందా అని. కరోనా రక్తాన్ని చిక్కబరిచి గడ్డలు కట్టిస్తుంది, రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తుంది, ఇది నిజం. 2020 ఏప్రిల్‌లోనే న్యూయార్క్‌లో యాభై ఏళ్లలోపు ఐదుగురికి కరోనాతో పాటు పెద్ద పక్షవాతం వచ్చిన సంగతి డాక్టర్లు బయటపెట్టారు. మా దగ్గర కూడా సెకండ్ వేవ్‌లో జ్వరం తగ్గిన వారం పది రోజులకు కాలూ చేయీ పడిపోయి వచ్చిన ముప్పై, నలభై ఏళ్ల వాళ్లను చూశాను. కానీ కరోనాతో ఆసుపత్రిలో చేరినవాళ్లలో కూడా పక్షవాతం వచ్చింది సుమారు నూటికి ఒకరికే. ఇంట్లోనే తగ్గిపోయినవాళ్లలో అంతకంటే తక్కువ. మీ నాయనకు జ్వరం లేదు, టెస్టు నెగటివ్, పదేళ్లుగా బీపీ, రోజుకు నాలుగైదు చుట్టలు అని మీరే రాశారు. ఈ కారణాలు చాలు తమ్ముడూ. ఆ రెండేళ్లలో వచ్చిన పక్షవాతాల్లో ఎక్కువ భాగం బీపీ, షుగరు, పొగాకు, గుండె లయ తప్పడం వల్ల వచ్చినవే. కరోనా వాటికి చికిత్స అందనివ్వలేదు, ఎక్కువ నష్టం అక్కడే జరిగింది.

ఒక పని మాత్రం చేయండి. ఆయనకు ఈసీజీ ఎప్పుడు తీశారో చూడండి. గుండె లయ తప్పి కొట్టుకుంటుంటే ఆస్పిరిన్ సరిపోదు, రక్తం పలచబరిచే వేరే మందు కావాలి. ఆ మందుల్లో ఎసిట్రామ్ లాంటివి వాడేవాళ్లు అప్పుడప్పుడూ రక్తం ఎంత పలచబడిందో చూసే ఐఎన్‌ఆర్ టెస్టు చేయించుకోవాలి. లాక్‌డౌన్‌లో ఆ టెస్టులు ఆగిపోయి, డోసు ఎక్కువై రక్తస్రావంతో ఒకరు, తక్కువై గడ్డతో ఇంకొకరు మా దగ్గరికే వచ్చారు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. మీరు రెండు రోజుల గురించి బాధపడుతున్నారు. నాకు మాత్రం ఆ తర్వాతి ఎనిమిది నెలలు ఎక్కువ బాధగా ఉంది. పక్షవాతం వచ్చాక మెదడు కొత్త దారులు వెతుక్కునేది మొదటి మూడు నెలల్లోనే ఎక్కువ, ఆరు నెలల దాకా బాగానే కొనసాగుతుంది. ఆ కాలంలో మీ నాయన మంచం మీద, చెయ్యి పొట్ట మీద ముడుచుకుని పడుకున్నారు. ఫిజియో సెంటర్లు మూసేశారు, ఇంటికి రమ్మంటే ఎవరూ రాలేదు. మీ అమ్మగారు చెయ్యి పట్టి లాగి లేపి కూర్చోబెట్టేవారని రాశారు. ఆవిడకు ఎవరు చెప్పారు గనుక? పక్షవాతం చెయ్యి భుజం దగ్గర కండరాలకు పట్టుండదు, లాగితే కీలు జారి నొప్పి వస్తుంది. నొప్పి వల్ల ఇంక ఆ చెయ్యి కదపనివ్వరు. కదపకపోతే వేళ్లు ముడుచుకుంటాయి. వరసగా జరిగింది ఇదే. దీనికి మీ నాయన డిశ్చార్జి రోజు ఎవరైనా పది నిమిషాలు కూర్చుని చూపించి ఉంటే చాలు. ఆ రోజుల్లో మేం కూడా కాగితం చేతిలో పెట్టి, దూరం నుంచే చెప్పి పంపేశాం. ఇది మీ ఒక్క ఇంటి తప్పు కాదు.

2021లో మాత్రలు ఆగిన రెండు నెలలు కూడా అంతే. దూరం నుంచి ఫోన్‌లో డాక్టరుతో మాట్లాడి మందు చీటీ రాయించుకోవచ్చని 2020 మార్చిలోనే కేంద్రం నిబంధనలిచ్చింది, మన రాష్ట్రంలో 14410 అనే ఫోన్ నంబరు పెట్టారు. మా రోగుల్లో ఆ సంగతి తెలిసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పోయిన నెల చీటీ చూపిస్తే, ఇక ఇవ్వం, మళ్లీ డాక్టర్ని కలవాలి అని మెడికల్ షాపువాళ్లు అంటే ఊరికే తిరిగొచ్చేవాళ్లు.

ఇప్పుడేం చేయొచ్చంటారా? ఐదేళ్లు దాటినా కొంత చేయొచ్చు. పూర్తిగా మామూలవుతుందని నేను చెప్పను. కానీ వేళ్లు తెరుచుకుని గ్లాసు పట్టుకునేదాకా వచ్చినవాళ్లను చూశాను. ముందు ఒక ఫిజియోథెరపిస్టు దగ్గరికి రెండు మూడుసార్లు తీసుకెళ్లి, ఇంట్లో ఏం చేయాలో మీరు, మీ అమ్మగారు ఇద్దరూ నేర్చుకోండి. నెలంతా తిరగడం మీకు కుదరదు, అక్కర్లేదు కూడా. వేళ్లు మరీ బిగుసుకుపోయి గోళ్లు అరచేతిలో గుచ్చుకుంటుంటే బిగువు తగ్గించే ఇంజెక్షన్లున్నాయి, నరాల డాక్టరును అడగండి. రాత్రి పూట వేళ్లు చాపి ఉంచే స్ప్లింటు కట్టొచ్చు. పగలు కుడి చేతికి పని పెట్టండి. వేరుశనక్కాయలు ఒలవడం, ఎండబెట్టిన మిరపకాయలు తిరగేయడం, తువ్వాలు మడవడం. ఎడమ చేత్తో త్వరగా అయిపోతుందని ఆయన దాన్నే వాడతారు. రోజుకు ఒక గంట ఆ ఎడమ చేతిని తువ్వాలుతో ఒళ్లో కట్టేసి, కుడి చేతితోనే చేయించండి. కోపం వస్తుంది, రానివ్వండి. నొప్పి పెడితే మాత్రం ఆపేయండి.

ఆయన ఎవరితోనూ మాట్లాడటం లేదు, ఊరికే ఏడుస్తారని రాశారు. పక్షవాతం తర్వాత ముగ్గురిలో ఒకరికి ఇలా డిప్రెషన్ వస్తుంది. ఇది మొండితనం కాదు, ముసలితనం కాదు. మందుంది, డాక్టరుకు చెప్పండి. మీ అమ్మగారి గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు. ఆవిడ బీపీ కూడా ఒకసారి చూపించండి.

పెన్షన్ సంగతి ఎవరైనా చెప్పారో లేదో. 2024 జూలై నుంచి మన రాష్ట్రంలో వికలాంగుల పెన్షన్ నెలకు 6,000 రూపాయలు, మంచానికో వీల్ చైర్‌కో పరిమితమైన పక్షవాతం వాళ్లకు 15,000. దానికి వైకల్యం ఎంతో చెప్పే సదరం సర్టిఫికెట్ కావాలి. మీ నాయన కర్రతో నడుస్తున్నారు కాబట్టి మొదటిదానికి వస్తారేమో, మీ గ్రామ సచివాలయంలో అడిగి స్లాటు బుక్ చేయించండి.

మూడో ప్రశ్న. మళ్లీ అలాంటి రోజులొస్తే తీసుకెళ్లాలా వద్దా? తీసుకెళ్లండి. ఆసుపత్రిలో వైరస్ అంటుకోవచ్చు, అంటుకోకపోవచ్చు. మాస్కుతో, చేతులు కడుక్కోవడంతో దాన్ని చాలావరకు తగ్గించుకోవచ్చు. ఇంట్లో ఉంటే మెదడు చచ్చిపోవడం మాత్రం అనుమానం లేని విషయం. ఒకసారి పక్షవాతం వచ్చిన మనిషికి రెండోసారి వచ్చే ప్రమాదం మామూలు వాళ్లకంటే ఎక్కువ కాబట్టి, మీకు ఈ ఏర్పాటు వేరేవాళ్ల కంటే ఎక్కువ అవసరం.

అనుమానం వస్తే నవ్వమనండి, మూతి ఒకవైపు జారుతుందేమో చూడండి. రెండు చేతులూ ముందుకు చాపి కళ్లు మూసుకోమనండి, ఒకటి కిందికి జారుతుందేమో చూడండి. మీ నాయనకు కుడి చెయ్యి ఎలాగూ బలహీనమే కాబట్టి, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఉందా అని చూడాలి. ఒక మాట చెప్పించండి. హఠాత్తుగా చూపు పోయినా, నిలబడలేనంత తూలినా అదే లెక్క. వెంటనే గడియారం చూసి టైము చేతి మీద రాసుకోండి. 108కి ఫోన్ చేసి, కళ్లు తిరిగి పడిపోయారని కాకుండా, పక్షవాతం, ఇన్ని గంటలకు మొదలైందని చెప్పండి. నోట్లో నీళ్లు కూడా పోయొద్దు. వాంతి అవుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నూనె మర్దనా, పసరు మందు, పావురం రక్తం, వీటి కోసం ఒక్క నిమిషం కూడా పోనివ్వొద్దు. పావురాలు కోసి రక్తం రుద్దుకుని మూడో రోజు వచ్చినవాళ్లను ఇప్పటికీ చూస్తున్నాం.

ఏ ఆసుపత్రికి వెళ్లాలనేది ఆ రోజు ఆలోచించే విషయం కాదు. ఈ వారంలోనే ఒంగోలులో మీకు అందుబాటులో ఉన్న రెండు ఆసుపత్రులకు ఫోన్ చేసి మూడు సంగతులు అడగండి. రాత్రి కూడా సీటీ స్కాన్ తీస్తారా, గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇస్తారా, ఆరోగ్యశ్రీ, అంటే ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ, అందులో వర్తిస్తుందా. అవునన్న చోటి నంబరు గోడ మీద రాసి పెట్టుకోండి. స్కాన్ లేని చిన్న ఆసుపత్రిలో మధ్యలో ఆగి సెలైన్ పెట్టించుకుంటే గంట పోతుంది. ఇంట్లో ఎవరికైనా జ్వరముంటే దాచకుండా ఫోన్‌లోనే చెప్పండి. చెబితే బయట ఆపేస్తారని భయపడకండి, ఇప్పుడు పద్ధతి వేరు. ముందే తెలిస్తే కిట్లు వేసుకుని సిద్ధంగా ఉంటారు. ఆపితే, చివరిసారి బాగున్న టైము ఇదీ, నాలుగున్నర గంటలు అయిపోతున్నాయని గట్టిగా చెప్పండి. ఆ మాట వింటే క్యాజువాలిటీలో ఎవరైనా కదులుతారు.

ఇంట్లో ఎప్పుడూ ఒక నెల మాత్రలు అదనంగా ఉంచుకోండి, మందు చీటీ ఫోటో మీ ఫోన్‌లోనూ, ఇంకొకరి ఫోన్‌లోనూ ఉండాలి. బీపీ మిషను కొనండి. 130/80 దగ్గర ఉంచాలని డాక్టర్లు చూస్తారు. ఎండు చేపలు, ఊరగాయలు మన ఇళ్లలో తీసేయడం కష్టమని తెలుసు, వారానికి ఒకసారికి తగ్గించండి. చుట్ట మాత్రం పూర్తిగా మానాలి.

మీ నాయన కుడి అరచేయి ఎంతవరకు తెరుచుకుంటుందో ఇవాళే ఒక ఫోటో తీసి పెట్టుకోండి. మూడు నెలలు పని చేయించాక అదే చోట కూర్చోబెట్టి ఇంకోటి తీయండి. ఆ రెండు ఫోటోలూ, అప్పటి బీపీ లెక్కలూ ఇక్కడ పెడితే తర్వాత ఏం చేయాలో చూద్దాం.